కళ్లు మూసుకున్న పన్నెండు నిమిషాలు

ఆదివారం ఉదయం తొమ్మిదీ పదికి ప్రేమజ్యోతి వీడియో గదిలో అడుగుపెట్టేసరికి, నీల్ అప్పటికే కేసు ముగించేసి కాఫీ తాగుతున్నాడు.

"గుడ్ మార్నింగ్ ఆంటీ," అన్నాడు కుర్చీలోంచి లేవకుండానే. "సండే పూట మీరెందుకు ఇంత దూరం డ్రైవ్ చేశారు? అయిపోయింది. దొంగ దొరికింది."

ఆంటీ అన్న పిలుపు మీద నలభై ఎనిమిదేళ్ల ప్రేమజ్యోతికి కోపమేమీ లేదు. ట్రాయ్‌లో ఇండియన్ స్టోర్ దగ్గరా, పుట్టినరోజు పార్టీల్లోనూ తెలుగు పిల్లలందరికీ ఆమె ఆంటీయే. కానీ పదకొండేళ్లు ఇన్సూరెన్స్ కంపెనీలో దొంగ యాక్సిడెంట్లు పట్టి, ఆపైన మిషిగన్ రాష్ట్రం ఇచ్చిన లైసెన్సుతో సొంత డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషిని, పనిచేసే చోట, క్లయింట్ ఎదురుగా అలా పిలిస్తే అందులో గౌరవం తక్కువ, ఇంటికెళ్లి పప్పు చేసుకోమన్న సలహా ఎక్కువ.

క్లయింట్ కిటికీ దగ్గర నిలబడి ఉంది. పేరు రెనే వాకర్. ట్రాయ్ హెరాన్స్ అనే మహిళల ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టుకి హెడ్ కోచ్. హెరాన్ అంటే కొంగ కాబట్టి ఊళ్లో తెలుగువాళ్లు కొంగల టీమ్ అంటారు. నలభై నాలుగు ఆటల సీజన్‌లో నలభై మూడు అయిపోయాయి. మిగిలిన ఒక్కటీ ఈ సాయంత్రం ఆరింటికి, సొంత కోర్టులో. గెలిస్తే ప్లేఆఫ్స్, అంటే టైటిల్ కోసం నాకౌట్ పోటీలు. ఓడితే ఎవరిళ్లకు వాళ్లు.

అసలు ఈ ఒక్క ఆట మీదికి రావలసిన జట్టే కాదది. గత మూడు ఆదివారాలూ వరసగా ఓడింది. ఒక పాయింటు, రెండు పాయింట్లు, మళ్లీ ఒక పాయింటు తేడా. మూడుసార్లూ ఒకే తీరు. ఆఖరి సెకన్లలో కోచ్ టైమవుట్ తీసుకుని, ఆ పూటకని ప్రత్యేకంగా గీసిన ప్లే ఒకటి పిల్లలకు చెప్పేది. బంతి ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వెళ్లాలో అందులో ఉంటుంది. తీరా ఆట మొదలయ్యాక చూస్తే, బంతి వెళ్లాల్సిన చోట అవతలి జట్టు పిల్ల ముందే వచ్చి నిలబడి ఉండేది. ఒకసారైతే అదృష్టమనుకోవచ్చు. మూడుసార్లు జరిగేసరికి రెనే శుక్రవారం ప్రేమజ్యోతికి ఫోన్ చేసింది.

"జ్యోతీ, ముందు ఇది చూడు," అంది రెనే, బల్ల మీది కాగితం చూపించి.

యాప్ లాగ్ నుంచి తీసిన ఆ కాగితం మీద మూడే వరసలున్నాయి. మూడు ఆదివారాలు. 11:42, 11:44, 11:41. ఆ సమయాల్లో, టీమ్ యాప్‌లో ఆ పూట ప్లేలున్న పేజీలన్నీ ఒక ఫోన్లో ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకున్నాయి. ప్రతిసారీ నాలుగు నిమిషాలు. మూడుసార్లూ అదే ఫోను, అదే నాలుగంకెల పిన్. ఫోన్ జెమీమాది.

జెమీమా నర్సాపురం పిల్ల. ఎఫ్-వన్ స్టూడెంట్ వీసా మీద వచ్చి ఇక్కడే మాస్టర్స్ చేసి, చదువయ్యాక కొంతకాలం ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ మీద ఈ జట్టులో వీడియో అసిస్టెంట్‌గా చేరింది. ప్రతి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి కొత్త పేజీలను యాప్‌లోకి ఎక్కించేది ఆ అమ్మాయే.

"తన డివైస్, తన పిన్," అన్నాడు నీల్. "కూర్చుని ఒక్కో పేజీకి ఫొటో తీసుకుంది, అవతలి టీమ్‌కి సెండ్ చేసింది. డేటా లై చెయ్యదు ఆంటీ. నూన్‌కి నా రిపోర్ట్ లీగ్‌కి వెళ్తుంది."

నీల్ ఈ జట్టు ఉద్యోగి కాడు. జట్ల రహస్యాలు బయటికి పొక్కకుండా కాపలా కాసే సాఫ్ట్‌వేర్ ఒకటి అమ్ముతారు వాళ్ల కంపెనీవాళ్లు. జూన్‌లో ఒక సీజన్ ట్రయల్ కోసం ఇక్కడ పెట్టారు. ఇక్కడ బాగా పనిచేస్తే లీగ్‌లో జట్లన్నిటికీ అదే తీసుకుంటారు. ఆ సంగతి అతను రెండ్రోజుల్లో ప్రేమజ్యోతికి మూడుసార్లు చెప్పాడు.

ఆమె కాగితాన్ని తిరగేసి వెనక్కి కూడా చూసింది. "పేజీ తెరిచినట్టుంది, మూసినట్టుంది. ఫొటో తీసినట్టు ఎక్కడుంది బాబూ?"

నీల్ కాఫీ ఒక గుక్క తాగాడు. "ఆబ్వియస్ కదా ఆంటీ. ఇంకెలా తీసుకెళ్తుంది?"

"అదీ నిజమేలే," అంది ప్రేమజ్యోతి. పర్సులోంచి చిన్న నోటు పుస్తకం తీసి ఒక్క ముక్క రాసుకుని మూసేసింది.

* * *

జెమీమా లాండ్రీ గదిలో ఉంది. డ్రయర్లో జెర్సీలు తిరుగుతున్నాయి. ఆ పిల్ల వాటినే చూస్తూ బెంచీ మీద కూర్చుంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

ప్రేమజ్యోతి తలుపు వేసి పక్కన కూర్చుంది. "పోయిన ఆదివారం పదకొండూ నలభైకి ఎక్కడున్నావమ్మా?"

"రూమ్‌లోనే అండి. పడుకున్నా."

"ఫోను?"

"నా దగ్గరే ఉందండి."

"అంతకు ముందు ఆదివారం?"

"అప్పుడూ రూమ్‌లోనేనండి."

"మెడలో శిలువ వేసుకున్న నర్సాపురం పిల్ల, వరసగా మూడు ఆదివారాలు ఆరాధన మానేసి పడుకుందా? ఈ మాట మీ అమ్మతో చెప్పగలవా?"

జెమీమా రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. డ్రయర్ ఆగి కూత పెట్టింది.

"చర్చిలో ఉన్నానండి," అంది చివరికి. "క్వయర్‌లో పాడుతూ. పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా."

"మరి అదే చెప్పొచ్చుగా?"

"చెప్తే ఫోన్ ఎక్కడుందని అడుగుతారు ఆంటీ. మా చర్చిలో క్వయర్‌వాళ్లని లోపలికి ఫోన్లు తేనివ్వరు. లాబీలో గోడకి జేబుల సంచి వేలాడుతుంది, చెప్పులు పెట్టుకునేలాంటిది. అందరం అందులో పెట్టి వెళ్తాం. నాది తొమ్మిదో జేబు. కానీ ఇక్కడ జాయినింగ్ అప్పుడు సంతకం పెట్టాను కదా, ఫోన్ ఒక్క నిమిషం కూడా నా చెయ్యి దాటకూడదని. అది చెప్పినా ఉద్యోగం పోతుంది, చెప్పకపోయినా పోతుంది. దొంగతనం మచ్చ పడితే ఇంకో కంపెనీ ఎవరు తీసుకుంటారండి? ఓపీటీ రోజులు అయిపోతే వెళ్లిపోవడమే. నాన్న లోన్ పెట్టి పంపాడు."

"చర్చిలో ఎవరైనా తీశారేమో అనుకోలేదా?"

జెమీమా ఆమెను వింతగా చూసింది. "దేవుని మందిరంలో ఎవరు తీస్తారు ఆంటీ?"

ఆ ప్రశ్నకు ప్రేమజ్యోతికి నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. తాను కూడా కాకినాడలో అలాంటి అమాయకత్వంలోనే పెరిగింది. ఈ పిల్లకు శిక్ష పడటానికి వీల్లేదని అక్కడే, ఆ బెంచీ మీదే నిర్ణయించుకుంది. ఆ తర్వాత ఫోన్ అడిగి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. అద్దంలాంటి కవర్ వెనకాల, ఫోనుకీ కవర్‌కీ మధ్య చిన్న కార్డు ఒకటి దోపి ఉంది. కార్డు మీద పూలు, ఒక వాక్యం. అది చూసి ప్రేమజ్యోతి తల అడ్డంగా ఊపింది.

* * *

తొమ్మిదీ యాభై అయిదుకి ఆమె వీడియో గదిలో తన ఫోన్‌ని బల్ల మీద నిలబెట్టింది. ఆ చర్చివాళ్లు ఆరాధనని యూట్యూబ్‌లో లైవ్ ఇస్తారు. పోయిన ఆదివారం స్ట్రీమ్ పదిన్నరకి మొదలైంది. గంటా పదకొండు నిమిషాల దగ్గర ఆపింది. క్వయర్‌లో ఎడమ నుంచి రెండో మనిషి జెమీమా. కళ్లు మూసుకుని, రెండు చేతుల్తో పాటల పుస్తకం పట్టుకుని ఉంది.

"పదకొండూ నలభై ఒకటి," అంది ప్రేమజ్యోతి. "మిగతా రెండు ఆదివారాలూ ఇంతే. చూపించమంటారా?"

రెనే ఊపిరి వదిలింది. నీల్ మాత్రం భుజాలెగరేశాడు. "సో వాట్? ఫోన్ ఫ్రెండ్‌కి ఇచ్చింది. పిన్ కూడా తనే చెప్పింది. పిన్ లేకుండా ఎవరూ ఓపెన్ చెయ్యలేరు. నువ్వు... సారీ, మీరు మా సాఫ్ట్‌వేర్ గురించి ఏం తెలియకుండా మాట్లాడతారు."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే మనిషితో వాదించి ప్రయోజనం లేదు. ప్రేమజ్యోతి జెమీమా ఫోన్ అతని ముందు పెట్టి, యాప్ తెరిచి, నాలుగంకెలు నొక్కింది. నాలుగు, ఒకటి, ఒకటి, సున్నా. పేజీలు తెరుచుకున్నాయి.

నీల్ కాఫీ కప్పు కింద పెట్టాడు. "తను మీకు చెప్పిందా?"

"నేను అడగనే లేదు. డిసెంబర్ ముప్పై ఒకటిన మా చర్చిలన్నిటిలో కొత్త సంవత్సరానికి వాగ్దానం కార్డులు తీసుకుంటాం. చీటీ తీసినట్టు ఒక్కొక్కళ్లు ఒక్కో కార్డు. ఏడాదంతా ఆ వాక్యమే మనకు అండ. ఈ పిల్ల దాన్ని కవర్ వెనకాల పెట్టుకుంది. నలభై ఒకటో అధ్యాయం, పదో వచనం. జనవరిలో స్టేజీ ఎక్కి ఇదే వాక్యం మీద, దేవుడు తనకేం మేలు చేశాడో సాక్ష్యం కూడా చెప్పి ఉంటుంది. అంటే ఆ చర్చిలో నూట ఇరవై మందికి ఈ పిన్ తెలుసు. తెలుసునన్న సంగతి నూట పంతొమ్మిది మందికి తెలీదు."

"హూ డస్ దట్?" అన్నాడు నీల్.

"అందరం చేస్తాం," అంది ప్రేమజ్యోతి. తన బ్యాంకు పిన్ కూడా ఈ ఏడాది వాగ్దానమేనన్న సంగతి మాత్రం చెప్పలేదు. సాయంత్రంలోగా మార్చుకోవాలని మనసులో అనుకుంది.

నీల్ ఫోన్ అందుకోబోయాడు. "ఇది ఎవిడెన్స్. నేను సీజ్ చేస్తున్నాను."

ప్రేమజ్యోతి అతనికన్నా ముందు దాని మీద చెయ్యి వేసింది. "పన్నెండు దాకా నా దగ్గరుంటుంది. ఇవాళా ఆదివారమే. జెమీమా ఎప్పటిలాగే క్వయర్‌లో పాడుతుంది. ఫోన్ ఎప్పటిలాగే తొమ్మిదో జేబులో ఉంటుంది."

"కోచ్, ఇది నాన్సెన్స్! ఇవాళ్టి ప్లేలు కూడా పోతాయి."

"పోవు," అంది ప్రేమజ్యోతి రెనే వైపు తిరిగి. "ఇవాళ్టి పేజీలు తీసేసి, పనికిరానివి ఏవైనా పెట్టండి."

రెనే ఒక్క నిమిషం ఆలోచించింది. "మేలో ట్రైనింగ్ క్యాంపులో గీసినవి ఉన్నాయి. అవి పెడతాను. జ్యోతీ, పన్నెండు అంటే పన్నెండే. ఆ తర్వాత లీగ్ నా మాట వినదు."

నీల్ నవ్వి మళ్లీ కప్పు అందుకున్నాడు. "ఆల్ ది బెస్ట్ ఆంటీ."

* * *

చర్చికి ఇరవై నిమిషాల దారి. ఆ ఇరవై నిమిషాలూ కారు స్పీకర్లలో ప్రేమజ్యోతి మూడు ఆదివారాల స్ట్రీమ్‌లూ పదకొండూ ముప్పై ఎనిమిది దగ్గర్నుంచి, అక్కడక్కడా ముందుకు జరుపుతూ విన్నది. మూడింటిలోనూ అప్పుడు నడిచేది సంఘ ప్రార్థన. సంఘ పెద్ద సత్యానందంగారు చేస్తాడు. ఇండియా కోసం, అమెరికా కోసం, జబ్బుపడినవాళ్ల కోసం, వీసాల కోసం, పరీక్షల కోసం, పన్నెండు నిమిషాలు నిండుగా. అందరూ నిలబడి కళ్లు మూసుకునే పన్నెండు నిమిషాలు. దొంగకి అంతకన్నా మంచి ముహూర్తం దొరకదు.

రెండో ఆదివారం ప్రార్థన వింటుంటే ఆమె సౌండ్ పెంచింది. మొదలైన కొన్ని నిమిషాలకు పెద్దాయన గొంతు వెనకాల సన్నని మోత ఒకటి వినిపిస్తోంది. నాలుగు నిమిషాలుండి మాయమవుతోంది. ఆ నాలుగు నిమిషాల్లోనే ప్రార్థన నెమ్మదిస్తోంది. అన్నమాటే మళ్లీ అంటున్నాడు. మొదటి ఆదివారమూ అంతే. మూడోదీ అంతే.

పదీ ఇరవై అయిదుకి లాబీలో నిలబడి చూసింది. ఎడమ గోడకి జేబుల సంచి. ఇరవై నాలుగు జేబులు, అంకెలు వేసి ఉన్నాయి. తొమ్మిదో జేబు సరిగ్గా మనిషి చేతికందే ఎత్తులో ఉంది. జెమీమా వచ్చి ఫోన్ అందులో పెట్టి, ఆమె వైపు చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. చెప్పినట్టే చేసింది పిల్ల.

సంచి పక్కనే వాటర్ కూలర్ ఉంది. ప్రేమజ్యోతి ఒక కప్పు నీళ్లు పట్టుకుంది. కూలర్ ఒక్కసారి వణికి మోత మొదలుపెట్టింది. ఆమె నీళ్లు తాగడం మర్చిపోయి ఆ మోత వింటూ నిలబడింది. ఇదే, కార్లో విన్నది ఇదే.

లోపలి హాల్లో కూలర్ లేదు. తలుపులు మందంగా ఉన్నాయి, ఈ మోత అక్కడికి వినపడదు. వినపడాలంటే మైకే ఇక్కడికి నడిచి రావాలి.

లాబీకి ఎదురుగా చంటిపిల్లల తల్లుల కోసం ఒక గది ఉంది. దానికి అద్దం కిటికీ. లోపల దీపం ఆర్పితే బయటివాళ్లకి కనిపించదు. ప్రేమజ్యోతి అందులో బొమ్మల బుట్ట పక్కన చిన్న కుర్చీ మీద సర్దుకుని కూర్చుంది. ఆమెకు భయం లేదు, అనుమానమూ లేదు. ఒక్కటే బాధగా ఉంది. సత్యానందంగారి భార్య పోయినేడు తన ఆపరేషన్ అప్పుడు పది రోజులు కూరలు వండి పంపింది.

పదకొండూ ముప్పై ఎనిమిదికి స్పీకర్లో ఆయన గొంతు మొదలైంది. "ప్రార్థన చేద్దాం. అందరూ లేచి నిలబడండి." లోపల కుర్చీల చప్పుడు. ప్రేమజ్యోతి అలవాటుకొద్దీ కళ్లు మూసి, చటుక్కున తెరిచింది. ప్రభువా క్షమించు, డ్యూటీలో ఉన్నాను.

పదకొండూ నలభై రెండుకి హాలు తలుపు తెరుచుకుంది. యాభై ఎనిమిదేళ్ల సత్యానందంగారు ఒక చేతిలో వైర్‌లెస్ మైకుతో, ప్రార్థన చేస్తూనే లాబీలోకి వచ్చాడు. హాల్లో నూట ఇరవై మంది చెవుల్లో ఆయన గొంతు మోగుతూనే ఉంది. ఆ గొంతు ఎక్కడి నుంచి వస్తోందో కళ్లు తెరిచి చూసేవాళ్లు లేరు. కెమెరా క్వయర్ మీద ఉంది. ఊళ్లో అందరికీ అనుమానం రావచ్చు గాని ఈయన మీద రాదు, ఎందుకంటే ఆ సమయానికి ఆయన ప్రార్థన చేస్తున్నాడని అందరూ విన్నారు.

"మా బిడ్డ జెమీమా ఉద్యోగాన్ని కాపాడు తండ్రీ," అంటూ ఆయన తొమ్మిదో జేబులోంచి ఫోన్ తీశాడు. బొటనవేలితో నాలుగంకెలు నొక్కాడు. తన ఫోన్ ఇంకో చేత్తో తీసి, మైకుని గడ్డం కింద ఇరికించి, ఫొటో తీయబోయాడు. "కాపాడు తండ్రీ... కాపాడు తండ్రీ..."

మొదటి పేజీ, రెండో పేజీ. మూడో పేజీ దగ్గర ప్రార్థన ఆగిపోయింది.

లోపల హాలంతా నిశ్శబ్దం. ప్రేమజ్యోతి లేచి తలుపు తెరుచుకుని వచ్చి ఆయన భుజం మీంచి చూసింది. ఆ పేజీలో కోర్టు బొమ్మ, ఐదు గుండ్రాలు, ఒక్కో గుండ్రంలో ఒక్కో పేరు. క్యాంపులో కోచ్ చేత్తో గీసింది. ఆఖరి గుండ్రంలో అనిక అని ఉంది.

ఆయన కూతురు పేరది. మేలో హెరాన్స్ క్యాంపుకి పిలిచారని ఊళ్లో తెలుగువాళ్లంతా మిఠాయిలు పంచుకున్నారు. ఆఖరి రోజు పన్నెండు మందిని ఉంచుకుని మిగతా వాళ్లని పంపేశారు.

సత్యానందంగారు తల తిప్పి ఆమెను చూశాడు. తేలు కుట్టిన దొంగలా అరవలేడు, కదల్లేడు. మైకు ఇంకా బతికే ఉంది. ఒక్క మాట జారితే హాలుకీ, యూట్యూబ్‌కీ కూడా వినిపిస్తుంది. ప్రేమజ్యోతి నోటి మీద వేలు పెట్టుకుంది. నోటు పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసి ఆయన ముందు పట్టింది.

ముందు ఆమేన్ చెప్పండి.

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నాలుగు మాటల్లో ప్రార్థన ముగించాడు. "ఆమేన్." లోపల్నుంచి నూట ఇరవై గొంతులు ఆమేన్ అన్నాయి. ఆ వెంటనే కీబోర్డు మోగింది, పాట అందుకున్నారు. ప్రేమజ్యోతి ఆయన చేతిలోంచి మైకు తీసుకుని స్విచ్ ఆపేసింది. టైము పదకొండూ నలభై ఏడు.

* * *

"పదమూడోది అమ్మా మా పిల్ల," అన్నాడు సత్యానందంగారు, పిల్లల గదిలో చిన్న కుర్చీ మీద మోకాళ్లు ముడుచుకుని. "పన్నెండు మందిని ఉంచుకున్నారు, మాది పదమూడోది. పదిహేనేళ్లు పొద్దున ఐదింటికి లేచి జిమ్‌కి తిప్పాను. మంచులో తిప్పాను. తోటి పిల్లలు మెడిసిన్ అంటే, మాది బాల్ అంది. సరేనన్నాను. ఇప్పుడు గదిలోంచి బయటికి రావడం లేదు."

"ఆ కోపం జెమీమా మీద తీర్చుకున్నారా?"

"ఆ పిల్ల మీదికి వస్తుందనుకోలేదు! నీ మీద ఒట్టు."

"నా మీదొద్దు. ఇందాక ఎవరి పేరున ప్రార్థించారో ఆ పిల్లకి చెప్పండి, పాట అయ్యాక." ఆమె గొంతు పెంచలేదు. "ఎవరికి పంపారు?"

"అనికకి మాత్రం కాదమ్మా. దానికేం తెలీదు. జూలైలో మెసేజ్ వచ్చింది. జట్టులో పలుకుబడి ఉన్నవాడినన్నాడు. వచ్చే ఏడు క్యాంపులో అనికకి చోటు ఖాయమన్నాడు. పేరు చెప్పలేదు, గొంతు వినిపించలేదు. అన్నీ మెసేజులే. ప్రతి ఆదివారం పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా జెమీమా ఫోన్ కదలదు, మీ చర్చిలో అది ఎక్కడుంటుందని అడిగాడు. చెప్పాను. పేజీలకి ఫొటో తీసి పంపమన్నాడు. పంపాను."

ప్రేమజ్యోతి చెయ్యి చాచింది. ఆయన తన ఫోన్ ఇచ్చేశాడు. మెసేజులన్నీ ఇంగ్లీషులో, ఒకే నంబరు నుంచి ఉన్నాయి. ఆమె రెండుసార్లు చదివింది. జెమీమా ఫోన్ కదలదన్నవాడికి, ఆ సంగతి ఎలా తెలుసు? జెమీమాకి తెలుసు, కానీ ఆ పిల్ల చెప్పలేదు. చర్చివాళ్లకి తెలుసు, కానీ వాళ్లకి అడగాల్సిన పని లేదు. ఇక మిగిలింది, ఏ ఫోన్ ఎప్పుడు తెరుచుకుంటుందో, ఎప్పుడు మూగగా ఉంటుందో రోజూ లాగ్‌లో చూసేవాడు.

నోటు పుస్తకం మొదటి పేజీ తీసింది. పొద్దున రాసుకున్న ఒక్క ముక్క అక్కడే ఉంది. ఫొటోలు.

లాగ్‌లో లేని ఫొటోల సంగతి, తీయించినవాడికి తప్ప ఎవరికి తెలుస్తుంది? కంచే చేను మేసింది. సాఫ్ట్‌వేర్ అమ్ముడుపోవాలంటే ఒక దొంగ దొరకాలి. దొంగ లేకపోతే, ఫొటోలు అవతలి జట్లకి తనే చేరవేసి, ఒకళ్లని తయారు చేసుకోవాలి. దానికి దిక్కులేని పిల్ల ఒకతి, గాయపడ్డ తండ్రి ఒకడు సరిపోయారు. ప్రేమజ్యోతికి ఒళ్లు మండింది. మనిషిని అంత తేలిగ్గా వాడుకోవడం ఆమె ఇన్సూరెన్స్ దొంగల్లో కూడా చూడలేదు.

తన ఫోన్లో రెనేకి కాల్ కలిపింది. టైము పదకొండూ యాభై ఏడు.

"జ్యోతీ, ఎక్కడున్నావు?" రెనే గొంతులో కంగారు. "పన్నెండు కావస్తోంది. నీల్ రిపోర్ట్ సిద్ధం చేసుకుని నా గదిలోనే కూర్చున్నాడు. ఆ పిల్ల ఎంట్రీ కార్డు ఆపేయమంటున్నాడు."

"గదిలో ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరు. మేమిద్దరమే."

"ఫోన్ స్పీకర్లో పెట్టండి."

"హాయ్ ఆంటీ," వెనకాల నుంచి నీల్ గొంతు హుషారుగా వినిపించింది. "దొరికాడా మీ దొంగ? మూడు నిమిషాలు ఉంది."

"మూడెందుకు బాబూ, ఒకటి చాలు," అంది ప్రేమజ్యోతి.

సత్యానందంగారి ఫోన్లో ఆ నంబరు మీద వేలు పెట్టి కాల్ నొక్కింది. ఎడమ చెవి దగ్గర రింగ్ మొదలైంది. ఒకటి. రెండు. గోడ అవతల క్వయర్ పాడుతోంది, అందులో జెమీమా గొంతు స్పష్టంగా తెలుస్తోంది.

మూడో రింగ్‌కి కుడి చెవిలో కూడా ఏదో మోగడం మొదలుపెట్టింది. రెనే గదిలో. దూరంగా, గుడ్డల్లో చుట్టినట్టు. కుర్చీ ఒకటి కిర్రుమంది.

అప్పుడు రెనే గొంతు, చాలా నెమ్మదిగా వినిపించింది.

"నీల్, నీ ఫోన్ బల్ల మీదే ఉంది కదా. మరి నీ బ్యాగ్‌లో మోగుతున్నది ఎవరిది?"